అవార్డు వచ్చిన మందుల డబ్బా

"ఏమండీ! ఆ డబ్బా ఎందుకు చింపుతున్నారు?"

పిచ్చుక అరుపుకి ఆస్పత్రి మందుల గది ముందు వరుసలో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు.

పిచ్చుక అనేది ముద్దుపేరు. ఒకచోట కుదురుగా కూర్చోదనీ, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుందనీ చిన్నప్పుడు వాళ్లమ్మ పెట్టింది. ఇప్పుడు పేరున్న డిజైన్ స్టూడియోలో పనిచేస్తున్నా, అక్కడా అదే పేరు స్థిరపడిపోయింది. తను తయారుచేసిన మందుల డబ్బా జనం చేతుల్లో ఎంత అందంగా ఉందో ఫోటోలు తీసుకుందామని ఆ ఉదయం మెడలో కెమెరా వేసుకుని వచ్చింది.

తీరా చూస్తే, కౌంటర్ వెనక తెల్లకోటు వేసుకున్న ఒక యువకుడు డబ్బా మీది రంగుకాగితాన్ని గోటితో గీరి, సుతారంగా ఒలిచి, బుట్టలో పడేస్తున్నాడు. బుట్ట అప్పటికే సగం నిండింది.

"చింపట్లేదండీ, ఒలుస్తున్నాను. మందులకైతే వరుసలో రండి."

"నేను మందులకి రాలేదు. ఆ డబ్బా డిజైన్ చేసింది నేను!"

అప్పుడు తలెత్తాడు. "ఓహో, మీరేనా? మిమ్మల్ని ఒక్కసారి చూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నా."

ఆ మాటే మరోచోట, మరో గొంతుతో విని ఉంటే పిచ్చుక సిగ్గుపడేదేమో. అతను మాత్రం పోలీసు దొంగతో అన్నట్టు అన్నాడు.

"దానికి అవార్డు వచ్చింది, తెలుసా మీకు?"

"తెలుసండీ. అవార్డు డబ్బాకొచ్చింది, జబ్బు మనిషికొచ్చింది. ఆ రెండింటికీ పడట్లేదు, అదే గొడవ."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిచ్చుక మొహం కందగడ్డ అయింది.

అగ్గిపెట్టెలా లాగితే తెరుచుకునే మూడు అరలు ఆ డబ్బాకి. పొద్దున వేసుకునే మాత్రలకి తెల్ల అర, మధ్యాహ్నానికి ఎర్ర అర, రాత్రికి నల్ల అర. అక్షరం ముక్క రానివాళ్లు కూడా పూట తప్పకుండా మందులు వేసుకోవాలని పిచ్చుక ఏడాదిపాటు తల బద్దలు కొట్టుకుని చేసింది. వేకువ తెల్లన, ఎండ ఎర్రన, రాత్రి నల్లన. ఇందులో అర్థం కానిదేముంది?

"తీరికుంటే ఆ బల్ల మీద ఓ గంట కూర్చోండి. ఫోటోలు తర్వాత తీసుకుందురు గాని," అన్నాడు మందులబ్బాయి. మనసులో అతనికి ఆ పేరు అప్పుడే పెట్టేసింది పిచ్చుక.

పౌరుషానికి పోయి కూర్చుంది.

ముందుగా ఒక తాతగారు వచ్చాడు. "బాబూ, ఆ తెల్లది ఊడబెరికి ఇయ్యి. మావాళ్లల్లో మనిషి పోతేనే తెలుపు కడతాం. పొద్దున లేవగానే దాని మొహం చూడమంటావా?"

"తీసేశాను తాతగారూ."

ఆయన వెనకే ఒక లాండ్రీ కార్మికురాలు. "ఎర్రదాంట్లో మాత్రలు మిగిలిపోయినయి సార్. ఎరుపంటే ప్రమాదం కదా, మరీ తప్పకపోతేనే వేసుకోవాలనుకున్నా."

ఆమె వెనక ఒక కోడలు. "మా అత్తయ్య ఎరుపు శుభమంటూ పొద్దున్నే అవి మింగేస్తున్నారండీ. నల్లది మాత్రం అపశకునమని ముట్టుకోరు."

మందులబ్బాయి పిచ్చుక వైపు చూశాడు. "విన్నారుగా? మూడు పూటలకీ మూడు గండాలు పెట్టారు మీరు."

నలుమూలల నుంచీ బతుకుతెరువు కోసం వచ్చి చేరిన జనం ఆ ఊళ్లో. ఒకరి పెళ్లిరంగు మరొకరికి ఏడుపురంగు. పిచ్చుక అది పుస్తకాల్లో చదివింది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. ఎదురుగా నిలబడి చెప్పే మనిషి మొహంలో ఎప్పుడూ చూడలేదు.

"ఎవరికైనా... ఏమైనా అయిందా?" మెల్లిగా అడిగింది.

"ఒకావిడ కళ్లు తిరిగి మెట్ల మీద పడిపోయింది. నెల రోజుల పాటు నల్ల అర తెరవలేదు. ఇప్పుడు బాగానే ఉందిలెండి. ఆ తర్వాతే నేను ఒలవడం మొదలుపెట్టా."

పిచ్చుక కెమెరా మూత పెట్టేసింది. ఇంకో ఆరు వారాల్లో పెద్ద పోటీ ఉంది. ఆ ఏడాది అవార్డులు అందుకున్న డిజైన్లన్నిట్లో మేటిదాన్ని అక్కడ ఎంచుతారు. గెలిచింది తన డబ్బా అయితే, ప్రస్తుతం ఈ ఒక్క ఆస్పత్రిలోనే ఉన్న దాన్ని ఆరోగ్యశాఖ అన్ని ఆస్పత్రులకూ పంపుతుంది. పొద్దుటిదాకా ఆ తలపుతో గాల్లో తేలింది. ఇప్పుడు అదే తలపుతో గుండె జారింది.

మర్నాడు కెమెరా లేకుండా, ఒక నోటుపుస్తకంతో వచ్చి అదే బల్ల మీద కూర్చుంది.

"మళ్లీ వచ్చారే! నిన్నటి తిట్లు సరిపోలేదా?" అన్నాడు మందులబ్బాయి.

"తిట్టేవాళ్ల దగ్గరే పని నేర్చుకోవాలని మా అమ్మ అంటుంది. మీరు మంచి గురువయ్యేట్టున్నారు."

అలా మొదలైంది. కౌంటర్ ముందుకి వచ్చినవాళ్లనల్లా ఆమె అడిగేది, పొద్దున అంటే మీకు ఏ రంగు గుర్తొస్తుందని. అందరికీ నచ్చే మూడు రంగులు ఎక్కడో ఉండే ఉంటాయని ఆశ. పదిరోజుల్లో ఆ ఆశ అడుగంటింది. నీలం అంటే ఒకరికి చల్లదనం, ఒకరికి విషం. పసుపు ఒకరికి మంగళం, ఒకరికి కామెర్లు.

"పచ్చ?" అన్నాడు మందులబ్బాయి ఆమె పుస్తకంలోకి తొంగిచూస్తూ.

"పచ్చ ఏడుగురికి బావుంది. ఎనిమిదో ఆయన, నాకు వాంతొస్తుందమ్మా అన్నాడు."

"ఆయన పడవలో పనిచేస్తాడు. సముద్రం రంగు అది, పాపం."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అతను నవ్వినప్పుడు ఎడమ కన్ను కాస్త ముందు మూసుకుంటుందని పిచ్చుక ఆ రోజే గమనించింది. గమనించినందుకు తన మీద తనకే కోపమొచ్చి, పెన్సిల్ ముల్లు విరిగేదాకా ఏదో గీసింది.

ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన. వరుస పలచబడింది. బస్సు నడిపి రిటైరయిన ఒక పెద్దావిడ తడిసిన గొడుగు మూల పెట్టి, పిచ్చుక పక్కన కూలబడింది.

"పొద్దునంటేనా? ఊదారంగమ్మా. ముప్పయ్యేళ్లు ఫస్టు బస్సు నాదే. డిపోలోంచి బండి తీసేటప్పటికి ఆకాశం ఊదాగా ఉండేది. ఎవరికి చెప్పినా నమ్మరు. నాకు మాత్రం చచ్చేదాకా అదే పొద్దు."

పిచ్చుక చటుక్కున లేచింది. కౌంటర్ దగ్గరికి ఒక్క పరుగు తీసింది.

"ఏమండీ, నేను వెతుకుతున్నదే తప్పు! రంగుకి అర్థం నేనెవర్ని చెప్పడానికి? వాళ్ల దగ్గర ఆల్రెడీ ఉంది. ఆవిడకి ఊదా ఇస్తే ఈ జన్మలో మర్చిపోతుందా?"

"అంటే?"

"డబ్బా మామూలుగా, ఏ రంగూ లేకుండా ఇద్దాం. మీ కౌంటర్ దగ్గర పన్నెండు రంగుల పట్టీలు పెడదాం. పొద్దుకేది, మధ్యాహ్నానికేది, రాత్రికేది అని వాళ్లనే ఎంచుకోమందాం. వాళ్ల చేత్తోనే అంటించుకుంటారు!"

మందులబ్బాయి చేతిలో ఒలుస్తున్న డబ్బాని కింద పెట్టాడు. తర్వాత, "ఇన్నాళ్లూ ఒలవడమే నేర్చుకున్నా. అంటించొచ్చని నాకు తట్టనేలేదు," అన్నాడు. అతను అలా చూస్తూ ఉండిపోతే, వాన శబ్దం ఉన్నట్టుండి చాలా దగ్గరగా వినిపించింది పిచ్చుకకి.

నలభైమందికి కొత్త డబ్బాలిచ్చి చూశారు. రెండు వారాలు గడిచాక ఒక్కరంటే ఒక్కరు పూట తప్పలేదు. తాతగారైతే పొద్దుటి అరకి నారింజరంగు అంటించుకుని, దాన్ని వరుసలో అందరికీ చూపించుకున్నాడు.

పాత డబ్బాని పోటీ నుంచి వెనక్కి తీసుకుని, దాన్నే దిద్దిన రూపంగా కొత్తది పెడతానని పిచ్చుక అనగానే, స్టూడియో యజమాని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వచ్చిన అవార్డుకి నువ్వే తప్పులు చూపిస్తావా? ఇది కూర్చున్న కొమ్మని నరుక్కోవడం. పైగా ఆ ఆస్పత్రి నుంచే కమిటీకి నీ మీద ఫిర్యాదు పోయింది, తెలుసా? కాపీ మనకీ పంపారు."

కాగితం ఆమె ముందుకి తోశాడు. 'ఈ డబ్బా చేసిన మనిషి జన్మలో ఒక్క రోగినైనా చూసి ఉండరు.' కింద మందులబ్బాయి సంతకం.

పిచ్చుక ఆ కాగితంతోనే ఆస్పత్రికి వెళ్లింది.

"ఇది మీరు రాశారా?"

అతని మొహంలో రంగు పోయింది. "రాశాను. మూడు నెలల కింద. అప్పటికి మీరెవరో కూడా తెలీదు."

"తెలిశాక చెప్పొచ్చుగా? రోజూ పక్కన కూర్చుని నవ్వినవాళ్లు, ఆ ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే రావడం మానేస్తారేమోనని..."

"బాగా కనిపెట్టారు. ఇక రాను. పని కూడా అయిపోయింది."

గిర్రున తిరిగి వెళ్లిపోయింది. 'మానేస్తారేమోనని' అన్న మాటలో ఏముందో వినిపించుకునే స్థితిలో లేదు.

పిచ్చుక వాళ్లమ్మ కర్టెన్లు కుట్టే షాపు నడుపుతుంది. సాయంత్రం కూతురు విసురుగా వచ్చి గుడ్డల తాన్ల మీద కూలబడగానే మిషను ఆపింది. సంగతంతా విని, కాగితం చదివి, కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఇందులో అబద్ధం ఏముందే?"

పిచ్చుక గుడ్డ అంచు దారం పీకింది. "అబద్ధం లేదు."

"మరి కోపమెందుకు?"

"ఆయన రాశాడని."

"అదీ సంగతి! ఇంకెవరైనా రాసుంటే కాగితం చింపి పారేసి అన్నం తినేదానివి." అమ్మ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. "పోటీకి మాత్రం వెళ్లు. కుట్టు తప్పని తెలిశాక విప్పి కుట్టేవాళ్లదే పనితనం. మీ యజమానికి నేను చెప్పానని చెప్పు."

యజమాని గొణుగుతూనే ఒప్పుకున్నాడు. పోటీ రోజు హాలు కిక్కిరిసింది. పిచ్చుక వేదిక మీద రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టింది.

"ఇది మీరు అవార్డు ఇచ్చిన డబ్బా. దీనివల్ల ఒకావిడ మెట్ల మీద పడిపోయింది. తప్పు నాది. ఇది ఆ తప్పు దిద్దుకున్న డబ్బా. దీని రంగులు నేను ఎంచలేదు, వాడేవాళ్లే ఎంచుకుంటారు." పన్నెండు పట్టీలు విప్పి చూపించింది. ఊదా గురించి, నారింజ గురించి, పచ్చ చూస్తే కడుపులో తిప్పే ఆయన గురించి చెప్పింది. హాల్లో నవ్వులు.

న్యాయనిర్ణేతల పెద్ద, నెరిసిన జుట్టావిడ, రెండు కాగితాలు చేతిలోకి తీసుకుంది.

"అమ్మాయ్, నీ గురించి ఒకే ఫార్మసిస్టు నుంచి మాకు రెండు ఉత్తరాలొచ్చాయి. మొదటి దాంట్లో, ఈ డిజైనరు జన్మలో ఒక్క రోగినీ చూసి ఉండదని రాశాడు. పోయిన వారం వచ్చినదాంట్లో, 'నేను ఎనిమిదేళ్లుగా చూస్తున్న మనుషుల్ని ఆవిడ ఐదు వారాల్లో నాకంటే బాగా చూసింది' అని రాశాడు. మమ్మల్ని దేన్ని నమ్మమంటావు?"

రెండో ఉత్తరం! పిచ్చుక ఎదురుగా ఉన్న రెండు డబ్బాల వైపూ చూసింది.

"రెండూ నిజమేనండి. మొదటిది రాయబట్టే రెండోది నిజమైంది."

చప్పట్లు వెనక వరుసల్లో మొదలై ముందుకొచ్చాయి. స్టూడియో యజమాని అందరికంటే ముందు లేచి నిలబడి, ఈ ఆలోచన తనదే అన్నట్టు చుట్టూ చూశాడు.

ఫలితం చెప్పడానికి అరగంట కూడా పట్టలేదు. ఆ ఏడాది మేటి డిజైన్, ఏ రంగూ లేని డబ్బా! అన్ని ఆస్పత్రులకూ ఇక అదే పంపుతామని ఆరోగ్యశాఖ అధికారి మైకులో ప్రకటించాడు. పిచ్చుక మైకు అందుకుంది.

"ఎంట్రీలో రెండు పేర్లు రాశానండీ. రెండో మనిషి రాకుండా నేను ఇది తీసుకోను."

చివరి వరుసలో తలుపు పక్కన, వానకి నిలువునా తడిసిన తెల్లకోటు ఒకటి నెమ్మదిగా లేచింది. సగం రోజు సెలవు పెట్టి వచ్చాడట, కోటు విప్పడం కూడా మర్చిపోయాడు. అతను వేదికెక్కుతుంటే నారింజ తాతగారూ, బస్సు పెద్దమ్మా వేసిన ఈలలకి హాలు దద్దరిల్లింది.

బయట వరండాలో జనం పలచబడ్డాక ఇద్దరూ మిగిలారు. బరువైన బహుమతి అతని చేతిలో ఉంది. ఎక్కడ పట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ మారుస్తున్నాడు.

"రెండో ఉత్తరం సంగతి కూడా చెప్పలేదేం?" అంది పిచ్చుక.

"మీరు రాను అన్నారుగా. ఎవరికి చెప్పను?" మందులబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "కౌంటర్ దగ్గరైతే గడగడా మాట్లాడతాను. ఇప్పుడు మాట రావట్లేదు. మీరు బల్ల మీద లేని ఈ వారం రోజులూ నాకు ఏమీ బాలేదు. రోజూ మిమ్మల్ని చూడాలి. అంతే."

"రోజుకి ఎన్నిసార్లు?"

అతని ఎడమ కన్ను ముందు నవ్వింది. "మూడు పూటలా."

"భోజనానికి ముందా, తర్వాతా?"

"భోజనంతో పాటే. ఒకే బల్ల మీద."

పిచ్చుక నవ్వలేకపోయింది. కళ్లు నిండిపోయాయి. తల మాత్రం ఊపింది, ఒకటికి నాలుగుసార్లు.

"ఎన్నాళ్లు వాడాలి బాబూ?"

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. స్తంభం పక్కన గొడుగు పట్టుకుని అమ్మ. ఎంతసేపటి నుంచి ఉందో ఆవిడకే తెలియాలి.

మందులబ్బాయి నిటారుగా నిలబడ్డాడు. "జీవితాంతమండీ."

అమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా, తడిసిన కోటు సహా, తీరిగ్గా కొలిచింది. తర్వాత గొడుగు విప్పి ఇద్దరి తలల మీదా పట్టింది.

"సరే అయితే. బాగా తగ్గిందని చెప్పి మధ్యలో మానేస్తే మాత్రం ఊరుకోను."