‘వెళ్ళిరా’ అంటే వచ్చేసిన కారు

మేముంటున్న క్వేకర్స్ హిల్ వాళ్ళని వాగు మీది చెక్క వంతెన సంగతి పగలు అడగండి, నవ్వుతారు. పొద్దుగూకాక అడగండి... “ఇప్పుడెందుకులెండి ఆంటీ,” అంటారు.

ఆ వంతెనకి పేరు మంచిది కాదు. చీకటి పడ్డాక దాని కింద ఎవరో ఏడుస్తారని చెప్పుకుంటారు. ఎవరన్నది ఎవరూ చూడలేదు. చూడటానికి దిగినవాళ్ళు లేరు మరి.

నేనూ చూడలేదు. మా చర్చిలో పాట ఎత్తుకునే అమృతం చెప్పగా విన్నాను. విన్నది విన్నట్టే చెబుతాను. మధ్యలో విప్పి చెప్పాల్సిన ముక్క వస్తే మాత్రం ఆగుతాను. నరసాపురంలో ఆరో తరగతికి తెలుగు చెప్పిన నోరు, ఊరికే దాటిపోలేదు.

అమృతం పాలకొల్లు పిల్ల, ఇక్కడ నర్సు. మొగుడు రత్నరాజు రైల్వేలో ఇంజినీరు. తొంభైలో, ఈ దేశంలో చలికాలమైన జూన్ నెలలో, అమృతానికి నెలలు నిండాయి. ఇంటి పక్క షెడ్డులో మాత్రం రత్నరాజుకి అప్పటికే ఒక బిడ్డ ఉంది. ఎర్ర మస్టాంగ్.

అది అరవైల్లో అమెరికాలో పుట్టిన కారు. రెండే తలుపులు, బారెడు ముక్కు. స్టార్టు చేస్తే వంటింట్లో గిన్నెలు మాట్లాడేవట. తుప్పుముద్దగా ఉన్నదాన్ని కొని, నాలుగేళ్ళు ప్రతి శనివారం దాని కిందే పడుకున్నాడు రత్నరాజు. ఎడమవైపున్న స్టీరింగుని కుడివైపుకి మార్చాడు. ఈ దేశంలోనూ మనలాగే కుడివైపు కూర్చునే నడపాలి కదా. ఇంజిను మార్చాడు, బ్రేకులు మార్చాడు, రంగు వేశాడు. పుట్టినప్పటిది దాని ఆకారం ఒక్కటే మిగిలింది.

అమృతానిది ఒకటే మాట.

“బిడ్డ వచ్చేలోపు అది పోవాలండీ. చంటిదాన్ని ఎత్తుకుని ఆ వెనక సీట్లోకి దూరడానికి నేనేమన్నా పిల్లినా? నాలుగు తలుపుల బండి తెండి.”

“చంటిదని ఎవరు చెప్పారు నీకు?”

“మాట మార్చకండి.”

పేపర్లో ప్రకటన వేశారు. వాగు అవతలి మారయాంగ్ నుంచి ఇవాన్ వచ్చాడు. చిన్నప్పుడే క్రొయేషియా నుంచి వచ్చి ఇక్కడ పెరిగినవాడు, స్తంభంలాంటి మనిషి. ఎవర్నైనా ‘మేట్’, అంటే నేస్తం, అనే పిలుస్తాడు. చూశాడు, నడిపాడు, బేరం కుదిరింది. చీకటి పడుతుండగా తాళాలు తీసుకున్నాడు.

అమృతం బానెట్టు మీద చెయ్యేసి, అలవాటు కొద్దీ అంది — “వెళ్ళిరా తల్లీ.”

ఇక్కడ ఆగుదాం. మనలో గడప దాటేవాళ్ళని ‘వెళ్ళు’ అనం, అది అశుభం. ‘వెళ్ళిరా’ అంటాం. అందులో రెండు పనులున్నాయి, వెళ్ళడం ఒకటి, తిరిగి రావడం ఒకటి. అమ్మేసిన వస్తువుకి ఆ రెండో పని చెప్పకూడదు.

కంచాల్లో అన్నం పెట్టుకుంటున్నారు... కిటికీ మీద దీపాలు పడ్డాయి. గిన్నెలు గలగలమన్నాయి.

ఎర్ర కారు.

ఇవాన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “మేట్... వంతెన మధ్యలో ఆగిపోయింది,” అన్నాడు గుసగుసగా. “కింద... ఎవరో ఏడుస్తున్నారు. కాసేపటికి స్టార్టయింది. ముందుకు పోవడానికి ధైర్యం చాల్లేదు, ఇటు తిప్పాను.”

రత్నరాజు బానెట్టు ఎత్తి చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. ఇవాన్ కారు వదిలేసి రైలెక్కి వెళ్ళాడు.

“అంతా నీ నోరే,” అన్నాడు రత్నరాజు పెళ్ళాంతో. “వెళ్ళిరమ్మన్నావు. వచ్చింది.”

మర్నాడు సాయంత్రం అమృతం జాగ్రత్తపడింది. కారుని ముట్టుకోకుండా దూరంగా నిలబడి, “బై,” అంది. ఇంగ్లీషు బైలో తిరిగి రావడం లేదు.

ఇవాన్ ఒక కప్పు కాఫీ తాగి బయల్దేరాడు. రత్నరాజు అంతకు ముందే, “చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టొస్తా,” అని వెళ్ళాడు. చాలాసేపటికి ఆయాసపడుతూ వచ్చాడు. ఆ వెనకే... దీపాలు.

“అదే చోటు,” అన్నాడు ఇవాన్. “అదే ఏడుపు. నిన్న సన్నగా ఉంది... ఇవాళ బొంగురుగా ఉంది. రేపు ఒక్కసారి చూస్తా మేట్. ఆగిందా, నాకీ కారొద్దు.”

ఇవాన్ వద్దంటే ఇంకెవరు కొంటారు? వంతెన కబురు అప్పటికే రైల్వేస్టేషను దాకా పాకింది. డాక్టరేమో, ఇంక ఏ రోజైనా రావచ్చు అన్నాడు.

మూడో సాయంత్రం రత్నరాజు ఇవాన్ చెవిలో ఏదో చెప్పాడు. ఇవాన్ కాఫీ కప్పు పట్టుకుని బుర్ర ఊపాడు. ఆ తర్వాత రత్నరాజు వాకిట్లోంచి కేకేశాడు — “చెత్తడబ్బా పెట్టొస్తా!”

అమృతం చెయ్యి ఆగిపోయింది. వాళ్ళ వీధిలో చెత్తబండి వారానికి ఒక్కసారే వస్తుంది.

టార్చి తీసుకుంది. శాలువా కప్పుకుంది. పెరటి వెనక వాగు దాకా కాలిబాట ఉంది. రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తుంది, ఆ బాట సూటిగా వెళ్తుంది. పొట్టమీద ఒక చెయ్యి, టార్చి మీద ఒక చెయ్యి... అడుగులో అడుగు.

గాలి లేదు. కప్పలు కూడా అరవడం లేదు.

వంతెన నల్లగా కనిపించింది. దాని కిందనుంచి...

ఏడుపు.

“ప్రభువా,” అనుకుంది. ఇంకో రెండడుగులు వేసింది. “ఎ... ఎవరు?”

ఏడుపు ఠక్కున ఆగింది.

టార్చి వెలిగించింది.

తువ్వాలు నోట్లో కుక్కుకుని రాయి మీద కూర్చున్నాడు — రత్నరాజు!

ఆ క్షణంలోనే నెత్తిమీద చెక్కలు దడదడలాడాయి. ఎర్ర కారు వచ్చింది... దాటింది... పోయింది. ఆగలేదు.

“ఆగలేదు,” అన్నాడు రత్నరాజు వెక్కుతూ. “దొంగమీట చెప్పేశాను.”

దొంగమీట అంటే డాష్‌బోర్డు కింద అతను దాచిపెట్టిన బొత్తాం. స్టార్టు చేశాక కొద్ది నిమిషాల్లో దాన్ని నొక్కాలి. లేకపోతే ఇంజినుకి పెట్రోలు ఆగిపోతుంది. దొంగ ఎత్తుకుపోతే వంతెన దాటకూడదని లెక్క కట్టి పెట్టాడు. మళ్ళీ స్టార్టు చేస్తే మళ్ళీ అంతే సేపు నడుస్తుంది. వెనక్కి తిప్పితే ఇల్లు చేరడానికి సరిపోతుంది.

“చెప్పాలనే అనుకున్నా అమృతం. నోరు రాలేదు. ఇంట్లో ఏడిస్తే నువ్వు చూస్తావని ఇక్కడికొచ్చా.”

“అందుకని నా నోటి మీద పెట్టారా? తిరిగొస్తే నా మాట వల్లా?” కోపంగా మొదలుపెట్టిందిగానీ, ఆ తువ్వాలు చూసి నవ్వాపుకోలేకపోయింది. “కారు కోసం వాగులో కూర్చుని ఏడ్చే మగాణ్ణి మిమ్మల్నే చూశా. రెండు రోజులు పాపం ఆ ఇవాన్‌ని హడలగొట్టారు!”

“రెండు రోజులేంటి? నిన్న ఒక్కరోజేగా నేనొచ్చింది.” ముక్కు తుడుచుకున్నాడు. “మొన్న ఎక్కడ కదిలాను? నీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను.”

అమృతం నవ్వు ఆగిపోయింది.

ఇద్దరూ వంతెన కిందకి చూడలేదు. ఇంటికెలా చేరారని అడిగితే ఆమె సరిగ్గా చెప్పదు. నెలలు నిండిన మనిషి పరుగెత్తిందంటే డాక్టరు తిడతాడని భయం.

ఆ రాత్రే నొప్పులు మొదలయ్యాయి. షెడ్డు ఖాళీ. నాలుగు తలుపుల బండి శనివారం తెచ్చుకుందామనుకున్నారు. టాక్సీకి ఫోన్ చేస్తే చాలాసేపు పడుతుందన్నారు. రత్నరాజు ఇవాన్ నంబరు తిప్పాడు.

బిడ్డ వచ్చేలోపు పోవాల్సిన కారే బిడ్డ కోసం వచ్చింది. అమృతాన్ని ముందు కూర్చోబెట్టారు. పిల్లికి తప్ప పట్టదన్న వెనక సీట్లోకి రత్నరాజు దూరాడు. ఆస్పత్రికి దారి వంతెన మీదుగానే.

ఆ రాత్రి వంతెన మీద ఆడగొంతు కేక విన్నామని, ఎర్ర కారొకటి మెరుపులా పోయిందని అక్కడివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. అది దెయ్యం కాదు, అమృతం. దానికి నేను పూచీ. తెల్లారేసరికి ఆడపిల్లని కంది. రెండో రోజు ఏడుపు రత్నరాజుది, దానికీ పూచీ.

మొదటి రోజుది మాత్రం... నన్నడక్కండి. పగలడిగినా సరే.