బుగ్గ మీద ముడత

ఆ ఉదయానికి వాన తగ్గింది. గౌరి వరండాలోకి వచ్చి, గోడకు ఆనించి ఉన్న అమ్మ బొమ్మ మీది ముసుగు తీసింది. కాన్వాసుకు ఓ మూల నుంచి ఏటవాలుగా ముడత పడి, తల్లి లక్ష్మణమ్మ బుగ్గను రెండుగా చేసింది. మధ్యాహ్నం సంవత్సరీకానికి బంధువులు వస్తారు. ఫొటోకు బదులు ఈ బొమ్మే పెట్టాలని గౌరి ఏడాదిగా గీస్తోంది.

చట్రం వెనక్కి తిప్పి చూసింది. వానకాలం గుడ్డ వదులైతే, మళ్లీ బిగియడానికి మూలల్లోని చెక్క చీలలను నాలుగు పక్కలా సమంగా, కొద్దికొద్దిగా తట్టాలి. ఎవరో ఒక్క మూలనే గట్టిగా కొట్టి, చీల కదలకుండా మేకులు దిగ్గొట్టారు.

"నేనే కొట్టినాను," అన్నాడు తండ్రి కూర్మయ్య, టీ గ్లాసు దించకుండానే. నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పయ్యేళ్లు మగ్గాల దగ్గర పనిచేసిన మనిషి. "ఆ సీలలు సూస్తే నవ్వొచ్చింది. బళ్లో పిల్లలకి బొమ్మలు నేర్పుతావు, గుడ్డ బిగించడం రాదేటి?"

బొమ్మ మొదలుపెట్టిన రోజు నుంచీ ఆయన తీరు అదే. స్టూడియోలో ఇస్తే పూటలో ఫొటో పెద్దది చేసిస్తారనేవాడు. రంగు డబ్బాలను కాలితో జరిపేవాడు. గౌరి ఇన్నాళ్లూ ఊరుకుంది.

"నీకు గోనెసంచి తప్ప ఇంకోటి తెలీదు నాన్నా," అంది. "బతికున్నన్నాళ్లూ అమ్మ మొహం ఒక్కసారైనా సూసినావా?"

కూర్మయ్య గ్లాసు కింద పెట్టాడు.

"సూసినాను. ఆస్పత్రిలో ఆఖరి పది రోజులూ అదే సూసినాను. నువ్వు బడికెళ్తే పక్కన కూకున్నది నేనే కదా. నిన్న సాయంత్రం గుడ్డ వదులైపోయి బుగ్గ లోపలికి పోయింది. ఆ మంచం మీద ఉన్నట్టే ఉన్నాది. సూడలేకపోయినాను."

గౌరి మళ్లీ ఆ మేకులను చూసింది. ఒక్కటీ నిటారుగా దిగలేదు. మగ్గం బిగించిన చేతి పనిలా లేదు అది.

పట్టకారు ఆయనే తెచ్చాడు. ఒక్కో మేకూ లాగాడు. గౌరి బిగిసిపోయిన చీలను వెనక్కి తీసి, నాలుగు మూలలా తట్టడం మొదలుపెట్టింది. వెనక నుంచి ఆమెకు ముఖం కనబడదు. తండ్రిని బొమ్మ ఎదుట నిలబడి చెప్పమంది. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం అన్నాడు. ముడత సాగి కనబడకుండా పోయింది. అది తెలియక గౌరి సుత్తి మళ్లీ ఎత్తింది.

ఆయన చెయ్యి అడ్డు పెట్టాడు.

"సాలమ్మా. ఇంక లాగితే దానికి నొప్పెడతాది."