రెండో చదువు

జగదీశ్వర్ పోయినప్పటి నుంచి సుచరిత ఏ కథనూ రెండోసారి చదవడం లేదు.

అంతకుముందు హుస్సేనీ ఆలంలోని ఆ ఇంట్లో ప్రతి కథకూ రెండు చదువులు ఉండేవి. మొదటిది సంతోషానికి. రెండోది పరీక్షకు: చెబుతున్నది ఎవరు, వాతావరణం ఎక్కడ మారింది, ముగింపును ముందే దాచుకున్న మాట ఏది? ఆమె పైకి చదివేది. ఏదైనా పట్టుకున్నచోట భర్త సాసరును చెంచాతో మోగించేవాడు. మోగించినవాడు కారణం చెప్పి తీరాలి.

చివరి కథకు మోగించాడు గానీ చెప్పలేదు. "ఈ కథ ఎవరు చెప్తున్నరో దొరికింది సుచీ. చాయ్ తాగి చెప్త." తాగాక ఆమె సాసర్లు కడిగి వచ్చేసరికి ఆయన తల కుర్చీలో వాలిపోయి ఉంది.

ఏ వాక్యం దగ్గర మోగించాడో ఆమెకు గుర్తులేదు. అదే ఆమెను తినేస్తోంది.

ఇక పట్టలేక ఈ సాయంత్రం ఆ చివరి కథ ఉన్న పుస్తకం తీసింది. ఫోన్‌లో కూతురు లాస్య విసుక్కుంది.

"ఒక్కదానివే గదేం చదువుడమ్మా? ఉట్టిగ పరేషాన్ అయితవ్."

"ఇప్పటికే అయిన. ఇంకేం అయ్యేదుంది?"

పొద్దుగూకాక వినిపించే మగ్రిబ్ అజాన్ ముగిసింది. కరెంటు పోయింది. గల్లీలోంచి ఊదు పొగ వాసన వచ్చింది. కిటికీ దగ్గరి మసక వెలుగులో ఆమె కథంతా చదివింది. మళ్లీ చదివింది. వానలో ఇంటికి నడిచే ఒక స్త్రీ తప్ప ఏమీ దొరకలేదు.

"ఏం చూసిన్రండీ ఇందుల? నాకెందుకు కనిపిస్తలేదు?" పుస్తకాన్ని బల్లమీద విసిరికొట్టింది. తీసి, మళ్లీ పైకి చదివింది.

'ఎవరో పిలిచినట్టయింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.'

టింగ్.

సాసర్లన్నీ వంటింట్లో ఉన్నాయి... ఆమె ఆ వాక్యమే మళ్లీ చదివింది.

టింగ్. ఈసారి ఎదుటి కుర్చీ దగ్గర.

భయాన్ని దాటుకుని కోపం వచ్చింది. "మోగించుడు కాదు. చెప్పాలె," అంది గుసగుసగా.

తర్వాత, చెవి వెనక...

"చాయ్."

వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. చాయ్ కాచి, సాసరులో పోసుకుని వచ్చి, ఎప్పటి చోటే కూర్చుంది. ఎదుటి కుర్చీ ఖాళీ. ఆవిరి నిటారుగా లేచింది.

ఆవిరి వంగింది... ఆ ఖాళీ కుర్చీ వైపు. ఆమె వెనక నుంచి, భుజం మీదుగా, ఎవరో ఊదుతున్నారు. చల్లగా.

అదే క్షణంలో ఎదుటి కుర్చీ దగ్గర చెంచా మోగింది. టింగ్. టింగ్. టింగ్. ఆగకుండా...

ఆ చివరి సాయంత్రం జగదీశ్వర్, ఎప్పటిలాగే, ఎదుటి కుర్చీలోంచి ముందుకు వంగి ఆమె సాసరులో ఊదాడు; ఆవిరి ఆమె వైపు వంగింది. "ఆగు, నాలిక కాలుతది," అన్నాడు. తర్వాత ఇద్దరూ చాయ్ తాగారు.