పకోడీ కడుపులో మువ్వ

పకోడీ నడుం వంచినప్పుడల్లా నీలవేణి అరటాకు ముక్క పట్టుకుని దాని వెనక్కి పరుగెత్తేది. ఆమె పరుగెత్తినప్పుడల్లా అది లేచి నిలబడి, ఏమీ ఎరగనట్టు ప్రహరీగోడ వైపు చూసేది. పొద్దుటినుంచీ పెరట్లో ఇదే వరస. కుక్కలకు కూడా సిగ్గుంటుందని నీలవేణికి ఇంతవరకూ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఆ ఊళ్లో ఎవరికీ రాలేదు.

పక్కింటి రమణికుమారి గోడ మీద మోచేతులాన్చి చాలాసేపు ఈ తంతు చూసింది.

“ఏంటమ్మా నీలవేణీ, దాని వెనకాల ఆ ఆకేంటి? భోజనం వడ్డిస్తావా ఏంటి?”

“లేదండి పిన్నిగారూ. అది వేసేది పట్టుకుందామని.”

రమణికుమారి మొహం చిట్లించింది. “ఛీ. అదేం పనమ్మా. నేల చూసుకుంటుంది కదా.”

నేల చూసుకుంటుంది. కాకినాడలో రోజుకు పదిసార్లు ఆ మాట అనని మనిషి లేడు. దాని అసలు పేరు స్వచ్ఛచర్మం. జనం మాత్రం మింగుడునేల అని పిలుచుకున్నారు. తడి సిమెంటు రంగు, చపాతీ పిండి మెత్తదనం. మొదట దాన్ని తయారుచేసింది కుక్కల కోసమే. ప్రతి ఇంటివాళ్లకూ కుక్క కావాలి, దాని వెనక శుభ్రం చెయ్యడానికి మాత్రం ఎవరికీ చేతులు రావు. నీ కుక్క, కాదు నీ కుక్క అని వీధులన్నీ కొట్టుకుచచ్చాక, ఎవరో తెలివైనవాళ్లు పెరట్లో పరిచే ఈ చర్మాన్ని కనిపెట్టారు. కుక్క వేసిన మరుక్షణం అక్కడ నేల కొంచెం మెత్తబడుతుంది, రెప్ప వాల్చి తెరిచేలోగా మళ్లీ గట్టిపడుతుంది. మధ్యలో ఉన్నది ఉండదు. ఆ రోజు కుక్క ఆరోగ్యం ఎలా ఉందో కూడా అదే చెబుతుంది.

అంత మంచి వస్తువు పెరట్లోనే ఆగుతుందా? గడప దాటింది, గోడలెక్కింది. పరుపులకూ కుర్చీలకూ బీరువా అరలకూ గిన్నెలకూ ఆఖరికి పసిపిల్లల ఉయ్యాలలకూ అదే పూత వచ్చింది. తరవాత రోడ్ల మీదా సముద్రపు ఒడ్డునా పరిచారు. వీధిలో ఎవరింట్లోనూ చీపురు లేదు. అది ఎక్కడ అమ్ముతారో తెలిసినవాళ్లు కూడా లేరు.

అయితే నేలకు మంచీ చెడూ తెలియదు. ఏది ఉంచాలో మనమే చెప్పాలి. అందుకే గృహప్రవేశం రోజున చూపుడు అనే వేడుక పుట్టింది. పాలు పొంగించాక ఇంటిల్లిపాదీ గడప దగ్గర కూర్చుని, ఒక్కో వస్తువునూ గడపకు తాకించి, ‘ఇది మాది, ఫలానావారి పేరున’ అని చెబుతారు. చూపిన వస్తువును నేల ముట్టుకోదు. పిల్ల పుట్టినా, కొత్త చెప్పులు కొన్నా మళ్లీ చూపుడే. నీలవేణి కూతురు తారిణికి ఆ పని మహా సరదాగా ఉండేది. పెన్సిలు ముక్కను కూడా తీసుకెళ్లి గడపకు చూపించి, ‘ఇది నాది, తారిణి పేరున’ అనేది. వెండి పట్టీలు కొన్న రోజున ఒక్కో మువ్వనూ విడివిడిగా చూపిస్తానని కూర్చుంటే, ఆ రోజు అన్నాలు ఆలస్యమయ్యాయి.

కిందటి వానాకాలంలో జ్వరం వచ్చి తారిణి చనిపోయింది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు.

ఆ తరవాత ఇల్లు ఒక పని చేస్తూ వచ్చింది. రోజూ దీపాలవేళకు ఎవరెవరు ఇంట్లో ఉన్నారో లెక్క చెప్పడం దాని అలవాటు. మెత్తని ఆడగొంతుతో ‘తారిణి ఇంకా ఇంటికి రాలేదు’ అనేది. నీలవేణి ఆ మాట వినడానికే సాయంత్రందాకా ప్రాణం పట్టుకుని ఉండేది. కర్మకు వచ్చిన ఆడపడుచు రాజ్యలక్ష్మి మాత్రం విని తట్టుకోలేకపోయింది. తమ్ముడు భానుమూర్తిని పక్కకు పిలిచింది.

“ఇదేంట్రా, పొద్దుగూకితే చాలు దాన్ని పిలుస్తున్నట్టు. పిల్లకి శాంతి ఉంటుందా? మాపుడు చేయించెయ్. అందరూ చేయిస్తున్నారు.”

పేరు చూపితే చూపుడు, చెరిపితే మాపుడు. భానుమూర్తి అప్పటికి మనిషిలో మనిషిగా లేడు. అక్క ఏం చెబితే అది చేసేలా ఉన్నాడు. గడప మీద బొటనవేలు పెట్టి కూతురి పేరు చెరిపించాడు. ఇల్లు ఆ మాట అనడం ఆగిపోతుందని అనుకున్నాడు, అంతే. పేరు పోతే ఆ పేరున ఉన్నవన్నీ చెత్త అవుతాయని అతనికి తోచలేదు. నేలను తయారుచేసినవాళ్లకూ తోచినట్టు లేదు. ఇంటివాళ్లు కాఫీలు తాగి లేచేసరికి బీరువాలో గౌన్లు లేవు, గూట్లో పుస్తకాలు లేవు. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు లేవు. గోడ మీద గీసిన ఏనుగు లేదు. పట్టీలు లేవు. నీలవేణి నేల మీద పడి గోళ్లతో గీకింది. ఆమె గోళ్ల మట్టిని కూడా నేల శుభ్రం చేసింది.

ఇప్పుడు పకోడీ రెండు రోజులుగా అన్నం సరిగా ముట్టడంలేదని నేలే చెప్పింది. పశువుల డాక్టరు జోయల్ వచ్చి దాని కడుపును తెర మీద చూపించాడు.

“పెద్ద కంగారేం లేదండి. ఏదో చిన్న లోహపు గుండు. ఎప్పుడో మింగి ఉంటుంది, ఇన్నాళ్లూ ఓ మూల కూర్చుంది. ఇప్పుడు కదిలింది. దానంతటదే వచ్చేస్తుంది.”

“వచ్చాక?” అంది నీలవేణి.

“వచ్చాక ఏముందండి. నేల చూసుకుంటుంది.”

ఆ గుండు కింద సన్నని చీలిక ఉంది, లోపల ఆవగింజంత రాయి ఉంది. నీలవేణి తెర మీద చెయ్యి పెట్టింది. తారిణి కుడికాలి పట్టీకి ఒక మువ్వ ఊడిపోవడం, మంచాల కింద వెతికి వెతికి ‘నువ్వే తిన్నావు కదూ’ అని ఆ పిల్ల పకోడీ నోట్లో వేళ్లు పెట్టి చూడడం ఆమెకు గుర్తొచ్చాయి. కూతురివన్నీ మింగేసిన నేలకు కుక్క కడుపులోది కనిపించలేదు. ఈ లోకంలో తారిణిది మిగిలింది అదొక్కటే. బయటికొచ్చిన మరుక్షణం అదీ పోతుంది.

కోసి తియ్యమంటే, ముసలి గుండె మత్తుకు ఆగదని డాక్టరు అన్నాడు. వీధంతా పరిచింది ఒకటే నేల, దాన్ని ఒక్కపూట ఆపాలంటే అందరూ ఒప్పుకోవాలి. నీలవేణి ఇంటింటికీ వెళ్లి అడిగింది. అందరూ జాలిపడ్డారు. మరి ఆ పూట మురికి ఎవరెత్తుతారమ్మా అని అందరూ అడిగారు.

కాబట్టి అరటాకు. గోడ మీంచి రమణికుమారి తప్పుకున్నాక నీలవేణి పకోడీ పక్కన చతికిలబడింది. ఇలా పరుగెడితే లాభం లేదని ఆమెకు అర్థమైంది. తారిణి చేసినట్టే దాని చెవి వెనక గోకుతూ, తారిణి పిలిచినట్టే ‘పక్కూ, పక్కూ’ అని పిలిచింది. ఆ పిలుపు విని చాలా రోజులైందేమో, కుక్క చెవులు వేలాడేసి ఆమె మోకాలికి ఆనుకుంది. కాసేపటికి అది లేచి రెండడుగులు వేసి నడుం వంచింది. ఆకు గరగరలాడితే మళ్లీ లేస్తుందని నీలవేణికి భయమేసింది. ఆకును వదిలేసి, రెండు అరచేతులూ దోసిలి పట్టి కింద పెట్టింది.

చేతుల్లో వెచ్చగా పడింది. వాసనకు ఆమె మొహం పక్కకు తిప్పుకుంది, చేతులు మాత్రం తియ్యలేదు. నీలవేణి పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిది ముట్టుకోలేదు. తారిణి పసిపిల్లగా ఉన్నప్పుడు కూడా అన్నీ ఉయ్యాలే చూసుకుంది. కన్నకూతురికి ఒక్కసారి కూడా తను కడగలేదన్న సంగతి పెరట్లో ఆ దోసిలితో కూర్చున్నప్పుడు ఆమెకు తట్టింది. అందుకు అప్పట్లో ఎంత సంతోషించిందో కూడా తలపుకొచ్చింది. ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

వేళ్లతో చిదిమింది. మువ్వ దొరికింది.

కొళాయి కింద గుప్పిటను కొంచెంగా వదులు చేసి, మళ్లీ బిగించి, అలా ఎన్నోసార్లు కడిగింది. తరవాత గడప దగ్గరకు వెళ్లి మువ్వను వదలకుండానే గడపకు తాకించింది.

“ఇది మాది” అంది. “నీలవేణి పేరున.”

“ఈ వస్తువు తారిణి పేరున ఉంది. ఆ పేరుగలవారు ఇంట్లో లేరు” అంది ఇల్లు.

“నా పేరున మార్చు.”

“ఒకరి వస్తువును మరొకరి పేరున మార్చాలంటే సొంతదారు స్వయంగా వచ్చి గడప దగ్గర చెప్పాలి.”

నీలవేణి గడప మీద తల పెట్టుకుని ఏడ్చింది. కన్నీళ్లను కూడా నేల తుడిచేసింది.

భానుమూర్తి ఓడరేవులో పని ముగించుకుని వచ్చేసరికి ఆమె పెరటిగుమ్మంలో గుప్పిట మూసుకుని కూర్చుంది. అతను గుప్పిట్లోది చూశాడు. అక్కడే పక్కన కూర్చున్నాడు. మర్నాడు ఊరంతా తిరిగాడు. పూత లేని డబ్బా ఒక్కటి దొరకలేదు. మెడలో కట్టుకుందామంటే, పడుకోగానే పరుపు తీసేసుకుంటుంది. గుప్పిట్లో ఉన్నంతసేపే అది ఉంటుంది. నీలవేణి ఎడంచేత్తో అన్నం తింది, గోడకు ఆనుకోకుండా కూర్చుని తెల్లవార్లూ మేలుకుంది. రెండోనాటి మధ్యాహ్నానికి ఆమె కళ్లు గుంటలు పడిపోయాయి.

“నీలా, కాసేపు పడుకో. నేను పట్టుకుంటాను” అన్నాడు భానుమూర్తి.

ఆమె అతని చేతివైపు చూసింది. గడప మీద పెట్టిన బొటనవేలు ఆ చేతిదే. అతనూ దానివైపే చూస్తున్నాడు.

“నేనేం పడుకోనులే. నా మీద ఒట్టు” అన్నాడు.

“మీరు కూడా నిద్రపోయి ఎన్నాళ్లైందండీ” అంది ఆమె. అయినా మువ్వను అతని గుప్పిట్లో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే తనే మూసింది.

అతను కావాలని చెయ్యలేదు. కూతురు పోయినప్పటినుంచీ సరిగా నిద్రలేని మనిషి, భార్య తనను నమ్మిందన్న ఒక్క కారణంతో గుండె తేలికై కునికాడు. వేళ్లు విడిపోయాయి. మువ్వ జారి నేల మీద పడి చిన్నగా మోగింది. ఆ మోతకు నీలవేణి లేచి కూర్చుంది. మువ్వ కింద నేల అప్పుడే మెత్తబడుతోంది. ఆమె చెయ్యి అందేలోగా పకోడీ అందుకుని గుటుక్కున మింగింది.

దానికి తారిణి వాసన తగిలిందో, భానుమూర్తి చేతికంటిన ముద్దపప్పు వాసనే తగిలిందో ఎవరూ చెప్పలేరు. నీలవేణి దాని మెడ కావలించుకుని చాలాసేపు వదల్లేదు. భానుమూర్తి తన చేతిని తనే నేలకేసి కొట్టుకున్నాడు.

“కొట్టుకోకండి” అంది ఆమె. “పోలేదు. ఉంది.”

అప్పటినుంచీ ఆ ఇంట్లో రోజు పెరట్లో మొదలవుతుంది. పకోడీ లేవగానే నీలవేణి లేచి దాని వెనకే వెళ్లి దోసిలి పడుతుంది. కుక్క కూడా సిగ్గు మానేసింది. కొన్నిసార్లు వారాలతరబడి మువ్వ రాదు. వచ్చిన రోజున కడిగి, ఒక్కసారి చెవి దగ్గర మోగించుకుని, బెల్లం కలిపిన అన్నంముద్దలో పెట్టి మళ్లీ పకోడీకే తినిపిస్తుంది. పొట్టకు చెవి ఆనిస్తుంది. లోపలినుంచి ఏ చప్పుడూ రాదు. రమణికుమారి గోడవైపు రావడం మానుకుంది. పిచ్చెక్కిందని వీధిలో అనుకుంటున్నారు. ఆ మాట పూర్తిగా అబద్ధమని భానుమూర్తి కూడా అనలేడు.

ఒక సాయంత్రం మువ్వ వచ్చింది. భానుమూర్తి చెంబుతో నీళ్లు పోస్తుంటే నీలవేణి గుప్పిట కడుక్కుంది. పకోడీ లేవడానికి వెనక్కాళ్లు సహకరించక మళ్లీ కూలబడింది. దాని కళ్లల్లో తెల్లటి పొర కమ్మింది.

“దీనికి వయసైపోయింది నీలా” అన్నాడు అతను. “డాక్టరుగారు ఈ చలికాలం దాటడం కష్టమన్నారు. దీని తరవాత ఎలాగ?”

నీలవేణి అన్నంముద్దలో మువ్వను అదిమి, పైన ఇంకాస్త బెల్లం అద్దింది.

“దీని తరవాత నేను మింగుతానండి” అంది.

పకోడీ మెల్లగా ముద్ద తినేసి ఆమె అరచెయ్యి నాకింది. దీపాలు వెలిగాయి. లోపల ఇల్లు రోజూ చెప్పే లెక్క చెప్పింది.

“అందరూ ఇంట్లోనే ఉన్నారు.”