నవ్వుల మాస్టారు, నిక్కచ్చి

“నవ్వండి,” అన్నాడు ట్రైనర్.

“ఎందుకు?” అంది కౌంటర్‌లోని అమ్మాయి.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అతన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే ఆ సర్వీస్ సెంటర్‌లో సిబ్బందికి నవ్వడం నేర్పడానికే అతన్ని పంపించారు. వెనకాల అందరూ అతన్ని నవ్వుల మాస్టారు అనేవారు. ఆ అమ్మాయికి నిక్కచ్చి అని పేరు పెట్టి, ఆమెను మాత్రం ఎదురుగానే అలా పిలిచేవారు. ఆమె ఏమీ అనుకోదని వాళ్ల గట్టి నమ్మకం.

“మీరు నవ్వితే కస్టమర్ సంతోషిస్తారండీ.”

“ఆయన ఫ్రిజ్ చెడిపోయింది సార్. లోపలున్నవన్నీ కుళ్లిపోయాయి. నేను నవ్వితే ఒళ్లు మండదా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె తమ ముఖం చూసి మాట్లాడదని కస్టమర్ల ఫిర్యాదు. అందుకే కొన్నాళ్లు పక్కనే కూర్చుని గమనించమన్నాడు మేనేజర్. గమనించాడు. ఫిర్యాదు చేసినవాళ్లే మళ్లీ వచ్చి ఆమె వరుసలో నిలబడుతున్నారు. ‘తప్పకుండా చూస్తాం’ అని నవ్వుతూ తిప్పించుకునేవాళ్లకంటే, ‘ఇది ఇక బాగుపడదు’ అని తేల్చేసే మనిషే వాళ్లకు నయమనిపించింది.

గమనించగా గమనించగా అతనికి ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. ఆమె సెలవు పెట్టిన రోజు ఆఫీసంతా బోసిపోయినట్టు ఉంటోంది.

మనసులో మాట నేరుగా చెబితే ఏం బాగుంటుందని చుట్టుతిప్పి మొదలుపెట్టాడు.

“బయట వాన పడుతోంది. ఒక్కడినే టీ తాగాలంటే బోర్ అండీ.”

“అయితే తాగకండి.”

ఇంకో రోజు, “ఈ నీలం రంగు మీకు భలే ఉంది,” అన్నాడు.

“యూనిఫాం సార్. మీకు తప్ప ఇక్కడ అందరికీ ఇదే.”

ఇంటికెళ్లి అక్కతో మొత్తుకున్నాడు. “నేనంటే ఇష్టం లేదక్కా. మొహం మీదే చెప్పేసింది.”

“నువ్వేం అడిగావురా?”

“వాన పడుతోందన్నాను.”

అక్క తల పట్టుకుంది. “నువ్వు జనానికి మాట్లాడ్డం నేర్పుతున్నావా? ఖర్మ!”

ఒక మధ్యాహ్నం ఒకాయన కౌంటర్ మీద దబదబా బాదుతూ అరిచాడు. పైన ట్యూబ్‌లైట్ గీపెడుతోంది. పక్క ఫోన్‌లో కంపెనీ పాట మోగుతోంది. ఆమె రెండు చెవులూ మూసుకుని, లేచి మెట్ల దగ్గరికి వెళ్లిపోయింది. అతను వెనకే వెళ్లి కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఏమనాలో తోచక ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆమెకు నచ్చింది.

“నాకు ఆటిజం ఉంది సార్,” అంది కాసేపటికి. “ఆ లైట్ చప్పుడు చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంటుంది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తే వాళ్ల మాట బుర్రకెక్కదు. అందుకే కళ్లు వదిలేసి మాట వింటాను.”

“ఇంకెవరికి తెలుసు?”

“అమ్మకి. మేనేజర్‌కి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేం కదా.”

నన్ను నమ్మింది అని అతని గుండె పొంగింది. ఆ పొంగులోనే తిన్నగా మేనేజర్ గదికి వెళ్లి అంతా చెప్పేశాడు. ఆ లైట్ ఒక్కటి మార్పిస్తే చాలన్నాడు.

మేనేజర్ కూడా మంచివాడే. అదే కొంప ముంచింది. మర్నాడు ఆమె ముందు వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, “బాగున్నావా... తల్లీ?” అని కేకేశాడు. ప్రశాంతంగా ఉంటుందని ఆమె కుర్చీని స్పేర్ పార్టుల గోడౌన్‌లో వేయించాడు. ‘మా దగ్గర అందరికీ చోటుంది’ అని బోర్డు రాయించి గోడకు కొట్టించాడు. అది సరిగ్గా ఆమె ఖాళీ చేసిన చోటికి పైన వచ్చింది. లైట్ మాత్రం అలాగే గీపెడుతోంది.

ఆమె తిన్నగా ట్రైనర్ దగ్గరికి వచ్చింది. “మీరే చెప్పారా?”

“మీ మంచికే అనుకుని...”

“నేను కళ్లు తిరిగి పడిపోతే అప్పుడు మీరు చెప్పండి. ఇది నా మాట. ఎవరికి ఎప్పుడు చెప్పాలో నేను చూసుకునేదాన్ని.”

“సారీ అండీ.”

“సారీ చెప్పడం కూడా మీరే నేర్పుతారుగా. ఇది కస్టమర్లకి చెప్పేదేనా?”

అతని తల వాలిపోయింది. “కాదు. నేను తప్పు చేశాను. ఇప్పుడేం చేయమంటారో మీరే చెప్పండి.”

“రేపు నేనే మేనేజర్‌తో మాట్లాడతాను. మీరు గదిలో ఉండండి. నోరు విప్పకండి.”

మాటలమ్ముకుని బతికేవాడికి అంతకంటే శిక్ష ఉండదు.

మర్నాడు ఆమె మేనేజర్ బల్లకేసి చూస్తూ చెప్పింది. “నాకు ఆటిజం ఉంది సార్. ఆయన చెప్పారు, ఇప్పుడు నేను చెబుతున్నా. చెవుడు లేదు, మామూలుగా మాట్లాడండి. గోడౌన్ వద్దు, నా కౌంటర్ కావాలి. ఆ లైట్ మార్చండి, ఆ పాట ఆపండి. ఎవరైనా మరీ అరిస్తే కాసేపు లేచెళ్లి వస్తాను. అంతే.”

మేనేజర్ సాయం కోసం ట్రైనర్ వైపు చూశాడు. ట్రైనర్ పళ్లు బిగించి కిటికీ వైపు చూశాడు.

“సరే, ఒక నెల చూద్దాం,” అన్నాడు మేనేజర్. అనకుండా ఉండటానికి కారణమేదీ తోచలేదు మరి.

లైట్ మారింది. తన తలనొప్పి ఉన్నట్టుండి ఎలా తగ్గిందో తెలియక క్యాషియర్ వాళ్ల డాక్టర్‌ని తెగ మెచ్చుకుంది. లైట్ మార్పించడం తన ఆలోచనేనని మేనేజర్ పై ఆఫీసుకు తెలియజేసుకున్నాడు.

ట్రైనర్‌తో మాత్రం ఆమె పని మాటలు తప్ప మాట్లాడలేదు. అతను ఇంకో బ్రాంచికి వెళ్లాల్సిన రోజు రానే వచ్చింది. సాయంత్రం కౌంటర్ ఖాళీ అయ్యాక ఆమె ఎదుట నిలబడ్డాడు. ఒళ్లంతా చెమటలు. మొహంలో నవ్వన్నది లేదు.

“మీరంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకోవాలనేంత ఇష్టం.”

ఆమె చేతిలో పెన్ను ఆగింది. “ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?”

“మా అక్కకి. ఇది నా మాటే కదండీ.”

“అవును, మీదే.” పెన్నుకి మూత పెట్టింది. “నాకూ మీరంటే ఇష్టమే. కోపం కూడా ఇంకా కొంచెం ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చా?”

“ఉండొచ్చండీ.”

“అయితే ఆదివారం ఇంటికి రండి. అమ్మ చూడాలి.”

ఆదివారం వాళ్లమ్మ అతన్ని ఉద్యోగం గురించీ, అక్క గురించీ అన్నీ అడిగింది. కూతురు కిటికీ పక్కన కూర్చుని వింటోంది, ఒక్క మాటా కలపలేదు. తనకిక్కడ పనిలేదేమో అని అతనికి గుబులు పుట్టింది. మర్యాదగా లేచాడు.

“మరి వెళ్లొస్తానండీ.”

“ఎందుకు? పనుందా?” అంది కూతురు.

“లేదు.”

“వెళ్లాలనుందా?”

“లేదండీ.”

“మరి కూర్చోండి.”

వాళ్లమ్మ కూతురి వంక చూసింది. తర్వాత అతని వంక చూసింది.

“కూర్చో బాబూ. చుట్టాలొస్తే ఎప్పుడు వెళ్తారా అని గడియారం చూసే పిల్ల ఇది. ఒకళ్లని ఉండమనడం నేనింతవరకూ వినలేదు.”