నాలుగో పేజీ ఏమైంది?

మంగళవారం ఉదయం 10:20. హెర్న్‌డన్‌లో డాక్టర్ శ్రీధర్ క్లినిక్.

మీనా ఫైల్‌లో నాలుగో పేజీ లేదు.

అది బాడీ మ్యాప్. ఒంటి మీద గాయాలు ఎక్కడున్నాయో డాక్టర్ బొమ్మ మీద గుర్తులు పెట్టే కాగితం. మర్నాడు తొమ్మిదింటికి ఇమ్మిగ్రేషన్ కోర్టులో, అమెరికాలో ఆశ్రయం కోరుతూ మీనా వేసిన అసైలం కేసు. ఓడిపోతే బర్మా విమానం ఎక్కాల్సిందే. అక్కడ యూనిఫాంలో వచ్చినవాళ్లు ఆమె అరికాళ్లు చితగ్గొట్టారు.

మీనాది తాతల నాడే బర్మా వెళ్లిన తెలుగు కుటుంబం. భాష కలుస్తుందని లాయర్ ఆమెను శ్రీధర్ దగ్గరికి పంపాడు. ఇప్పుడు పేజీ వెతకమని డిటెక్టివ్ పద్మజను తోడిచ్చి పంపాడు.

"షూస్! షూస్!" గుమ్మంలోనే అరిచాడు శ్రీధర్. "బోర్డు చూళ్లేదా మేడమ్? వైట్ కార్పెట్. పదేళ్లుగా ఒక్క బూటు లోపలికి రాలేదు. నా రూల్!"

పద్మజ బూట్లు విప్పి స్టాండ్‌లో పెట్టింది. సాక్సుల మీద పసుపుపచ్చ బాతుపిల్లలు. పెళ్లయి ఆరు వారాలైన మొగుడు కొనిపెట్టాడు. శ్రీధర్ ముఖం చిట్లించాడు. పద్మజ కాలివేళ్లు ఆడించింది. బాతులు ఈదాయి.

మీనా మెత్తటి రబ్బరు చెప్పులు విడిచింది. బయట మంచు.

"పేజీ ఎవరు తీశారు, డాక్టర్?"

"ఇంకెవరు? రిసెప్షనిస్ట్! ఉషా, నెలాఖరుకి వేరే జాబ్ చూసుకో."

ఉష కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. "సార్, మీరిచ్చినవి మూడే పేజీలు. శుక్రవారం 3:05కి స్కాన్ చేశాను. సిస్టమ్‌లో ఉంది."

"మీరు అరికాళ్లు చూశారా డాక్టర్?"

"ఆఫ్‌కోర్స్. నలభై నిమిషాలు. ఒక్క గుర్తు లేదు. ఇవన్నీ స్టోరీలు మేడమ్. ఏడిస్తే గ్రీన్ కార్డ్ వస్తుందనుకుంటారు. మ్యాప్ కావాలా? మెమరీ నుంచి గీసిస్తా. ఐదు నిమిషాలు."

మీనా తల ఎత్తలేదు. "ఈ బాబు నా కాళ్లు సూళ్లేదమ్మా. ఫోన్ సూసుకున్నాడు."

"సీ? అబద్ధం!"

పద్మజ రిపోర్ట్ తెరిచింది. రెండో పేజీ. పైకి చదివింది.

"'2:10కి పరీక్ష గదిలో పేషెంట్ బూట్లు విప్పింది. లేసుల ముడులు తడబడకుండా ఊడదీసింది. చేతులు వణకలేదు. కనుక మానసిక గాయం లేదు.' మీరు రాసిందేనా?"

"క్లినికల్ అబ్జర్వేషన్." శ్రీధర్ కోటు సర్దుకున్నాడు. "ఇరవై ఏళ్ల ఎక్స్‌పీరియెన్స్."

"పరీక్ష గదిలోనే?"

"యెస్."

"ఈ కార్పెట్ మీద?"

శ్రీధర్ కిందికి, తెల్లటి కార్పెట్ వైపు చూశాడు.

"పదేళ్లుగా ఒక్క బూటు లోపలికి రాలేదన్నారు. మరి మీనా బూట్లు ఎలా వచ్చాయి? అసలు ఆవిడ బూట్లే వేసుకోదు. ఆ పాదాలు ఓర్చుకోవు. స్టాండ్‌లో చూడండి. మంచులో కూడా రబ్బరు చెప్పులు. వాటికి లేసులెక్కడివి?"

ఉష చటుక్కున స్టాండ్ వైపు చూసింది.

"ఇది ఇంకెవరి రిపోర్టో. బూట్లతో రానిచ్చి, కాళ్లు చూసే డాక్టరెవరో రాశారు. మీరు పేరు మార్చారు. పేరు మార్చే ఓపిక ఉంది, చదివే ఓపిక లేదు. పాపం, అలసిపోయుంటారు."

"అది... టెంప్లేట్. అందరూ వాడతారు."

"నాలుగో పేజీ ఎవరూ దొంగిలించలేదు. అది లేనే లేదు. బొమ్మ మీద గుర్తు పెట్టాలంటే మనిషిని చూడాలి కదా?" పద్మజ లేచింది. "టెంప్లేట్ సంగతి రేపు జడ్జిగారికి చెప్పండి. కోర్టులో కార్పెట్ ఉండకపోవచ్చు. బూట్లు వేసుకునే రండి. ఉషగారూ, ఆ స్కాన్ రికార్డ్ ప్రింట్ ఇస్తారా?"

"రెండు కాపీలిస్తాను మేడమ్," అంది ఉష.

మధ్యాహ్నం 2:10. మరో క్లినిక్‌లో మీనాకు మళ్లీ పరీక్ష. డాక్టర్ నైనిక నేల మీద మోకరిల్లి, మీనా పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది. స్కేలు ఆనించింది. కెమెరా క్లిక్‌మంది. ఒక మచ్చ. ఇంకొకటి. ఇంకొకటి.

2:35కి నాలుగో పేజీ నిండిపోయింది.

నైనిక ఇంకో కాగితం అడిగింది. ఎడమ పాదం ఇంకా మిగిలే ఉంది.