ఏరని బొగ్గు

ఆరింటి గని సైరన్ మోగేసరికి సుసన్నా రెండుసార్లు జడ విప్పి మూడోసారి అల్లుకుంటోంది. గోదావరిఖని క్వార్టర్లలో ఆ వేళకు ప్రతి ఇంటా బొగ్గు పొయ్యి రాజుకుంటుంది, మగవాళ్లు డ్యూటీకి బయలుదేరుతారు. ఈ ఇంట్లో మాత్రం ఆరు నెలలుగా ఆడపిల్ల కూడా డ్యూటీకి పోతోంది. అదీ బొగ్గు నాణ్యత పరీక్షించే ల్యాబుకు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి అక్కడ తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. 1974లో అది చిన్న మాటేం కాదు. వాడకట్టు వాడకట్టంతా ఆమెను చూడటానికే వాకిళ్లు ఊడ్చుకునేది.

"ఇంత తిని పో. గా ఎగురుడు బందు జెయ్యి," అంది తల్లి సుగుణమణి, అన్నంలో పచ్చిపులుసు పోస్తూ.

"ఎట్ల తినాలె అవ్వా? ఇయ్యాల్నే గద పరీక్ష! సిమెంటు ఫ్యాక్టరీ కెమిస్టు వస్తున్నడు."

ఆ పరీక్ష మీదే ఆమె ఉద్యోగం వేలాడుతోంది. బొగ్గును కాల్చితే మిగిలే బూడిద ఎంత ఎక్కువైతే ఆ బొగ్గు అంత నాసి. మూడు లోడ్లకు సుసన్నా నూటికి ఇరవై ఒకటి, ఇరవై రెండు అని రాసింది. కొన్న ఫ్యాక్టరీ వాళ్లు మూడుసార్లూ ముప్ఫై మూడు పైనే అన్నారు. పెద్ద కెమిస్టు లింగమూర్తి ఖరాఖండిగా చెప్పేశాడు. ఈ రోజు ఒకే వ్యాగను నుంచి మనమొక సంచి, వాళ్లొక సంచి తీసి, మన ల్యాబులోనే పక్కపక్కన కాల్చుతారు. లెక్కలు కలవకపోతే సుసన్నా రేపటి నుంచి టైపు సెక్షన్‌లో కూర్చోవాలి.

భయం లేదని కాదు. కానీ భయం కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉందామెకు. వారమంతా త్రాసు చూసింది, కొలిమి వేడి చూసింది, ఎక్కడా తప్పు లేదు. ఈ రోజుతో అందరి నోళ్లూ మూతపడాల్సిందే.

తండ్రి యిర్మియా చాయ్ ఊదుకుంటూ నవ్వాడు. ముప్ఫై ఏళ్లు బొగ్గు బావిలోకి దిగిన మనిషి. కాలు దెబ్బతిన్నాక పైన రైలు సైడింగులో పని ఇచ్చారు. వ్యాగన్ల నుంచి బొగ్గు తీసి, సంచిలో నింపి ల్యాబుకు పంపేది ఆయనే.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. ఇయ్యాల గూడ సంచి నేనే నింపుత. ఎప్పటి లెక్కనే మంచి మంచి పెళ్లలు ఏరి పెడ్త."

సుసన్నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏరుడేంది బాపూ?"

"ఏరకుంటె ఎట్ల? రాయి వస్తె అవతల పారేస్త. నా సర్వీసుల రాయి కలిసిన టబ్బు ఒక్కటి పైకి పంపలె. నా బిడ్డకు రాళ్ల సంచి పంపుతనా?"

యిర్మియా అబద్ధమాడే మనిషి కాదు. బొగ్గు నింపిన టబ్బులో రాయి కనబడితే ఆ టబ్బు కూలి కోసేసే రోజుల్లో పని నేర్చుకున్నాడు. రాయి ఏరి పారేయడమే నిజాయితీ అని చేతులకు అలవాటైంది. ఆ చేతులే మూడుసార్లు కూతురి కొంప ముంచాయి.

"నా తప్పు ఏడుందో అని వారం సంది నిద్ర లేక సస్తున్న!" సుసన్నా లేచి నిలబడింది. "వ్యాగన్ల ఎంత రాయి ఉంటె సంచిల గూడ అంత ఉండాలె. రాయి కాలదు, బూడిదల మిగుల్తది. నువ్వు పారేసిన రాయిని లెక్కబెట్టుడే బాపూ నా పని!"

"తండ్రి మీద గంత గొంతు లేపుతవేందే? నీ మంచికే గద చేసిండు," అంది సుగుణమణి.

"మంచికే చేసిండు. నేను పోయి టైపు కొట్టుకుంట!"

యిర్మియా చాయ్ సగం వదిలేసి, కుంటుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఆ వీపు చూసి సుసన్నా కోపమంతా దిగిపోయింది. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలే ఉన్నాయి. ఈ సంగతి బయటపడితే ఆయన మీద చార్జిషీటు తప్పదు. చెప్పకపోతే ఆ మూడు తప్పులూ తన నెత్తినే ఉంటాయి. దారంతా ఆలోచించింది. చెప్పకూడదు అనుకుంది.

సైడింగుకు చేరేసరికి యిర్మియా రుమాలు చేతిలో పట్టుకుని లింగమూర్తి ముందు నిలబడి ఉన్నాడు. కాస్త దూరంలో ఫ్యాక్టరీ కెమిస్టు తన సంచి నింపించుకుంటున్నాడు.

"మీ బాపు అంతా చెప్పిండమ్మా," అన్నాడు లింగమూర్తి. "అది తర్వాత చూద్దాం. ముందు సంచి నింపాలె. యిర్మియా, మా అందరి ముందట నువ్వే నింపు. సుసన్నా, ఎట్లనో చెప్పు."

సుసన్నా చెప్పింది. "పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తియ్యాలె. పారల ఏం వస్తున్నదో చూడొద్దు బాపూ."

యిర్మియా వ్యాగన్ ఎక్కాడు. ఒక పార వేశాడు, రెండు వేశాడు. మూడో పారలో అరచేయంత రాయి వచ్చింది. ఆయన చెయ్యి ఆగింది. వేళ్లు దాని మీదికి వెళ్లాయి. ఫ్యాక్టరీ కెమిస్టు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

యిర్మియా కళ్లు మూసుకుని పార మొత్తం సంచిలోకి వంచేశాడు.

ఆ తర్వాత అంతా పరుగే. పగలగొట్టడం, కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయడం, మిగిలింది మెత్తగా నూరి జల్లెడ పట్టడం. చిటికెడు పొడి పింగాణీ గిన్నెలో కొలిమిలోకి వెళ్లింది. పక్కనే ఫ్యాక్టరీ వాళ్ల గిన్నె. మధ్యాహ్నానికి రెండు గిన్నెలూ చల్లారాయి. త్రాసు ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే సుసన్నా గుండె దానికన్నా వేగంగా ఊగింది.

"ముప్ఫై మూడు పాయింటు ఆరు," అందామె.

"నాది ముప్ఫై మూడు పాయింటు తొమ్మిది," అన్నాడు ఫ్యాక్టరీ కెమిస్టు. "ఈ మాత్రం తేడా తేడానే కాదు. అమ్మాయి చెయ్యి ఖచ్చితంగా ఉంది."

ల్యాబు ల్యాబంతా చప్పట్లు! కిటికీ బయట నిలబడ్డ యిర్మియా తనకేమీ అర్థం కాకపోయినా అందరికన్నా గట్టిగా కొట్టాడు.

లింగమూర్తి రిజిస్టరు తెరిచి కలం ఆమె చేతికిచ్చాడు. "ఇగ నువ్వు ల్యాబులనే ఉంటవు. కాని ఆ మూడు లెక్కలు ఎందుకు తప్పినయో దీంట్ల నీ చేత్తోటి రాయాలె. దాని మీద మీ బాపుకు మెమో వస్తది. అంతకన్న ఏమన్న వస్తదా అంటే, అది పైవాళ్ల ఇష్టం."

సుసన్నా రాయడం మొదలుపెట్టింది. సంచి నింపేటప్పుడు రాళ్లు చేత్తో ఏరివేయబడినవి, ఏరినవారు... అక్కడ కలం ఆగిపోయింది. ఆ ఏరిన చేతులే తనను ఎత్తుకుని తిప్పాయి, బడి ఫీజు కట్టాయి. కన్నీళ్లు కాగితం మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది.

కిటికీ ఊచల అవతల తండ్రి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఆగుతవేంది బిడ్డా?" అన్నాడు యిర్మియా. ఆయన కళ్లూ నిండిపోయాయి. "నా పేరు పూర్తిగ పెట్టు. దాన్ని గూడ ఏరి పారెయ్యకు."